పదవీ వ్యామోహము - పత్రికల ధర్మము

అంగడి స్థాపించి, కష్టకాలమున దానిని నిలబెట్టి, నలుగురిలో పరపతి సంపాదించిన పెద్ద యజమాని కాలక్రమమున వృద్ధుడగును. చూపు మందగించును. జ్ఞాపకము తప్పును. అయినను గల్లాపెట్టె తాళపుచెవులు ఆయన మొలనే వ్రేలాడుచుండును. కుమారునికి నలుబది యేండ్లు నిండినను హుండీపై దస్కతు చేయు అధికారము రాదు. ఈ పరిస్థితి వర్తక కుటుంబములకు క్రొత్త కాదు. పెద్దాయనతో ఈ మాట ఎవరు చెప్పవలెను? గుమాస్తా చెప్పినచో ఉద్యోగము పోవును. కుమారుడు చెప్పినచో ఆస్తిపై కన్ను వేసినాడందురు. బంధువులు చెప్పినచో ఓర్వలేనితనమందురు. కనుక అందరును ఊరకుందురు. ఒకనాడు ఆవర్జాలో పెద్ద పొరపాటు బయటపడి, బజారులో మాట పోయిన తరువాత, ముందుగానే చెప్పియుండవలసినదని ప్రతివాడును అనును.

రాజ్యపాలనలోను ఇదే చిక్కు కలదు. అయితే ఒక భేదము గమనింపదగినది. అంగడి యజమాని సొత్తు. నష్టము వచ్చినచో ఆ కుటుంబమే భరించును. దేశము ప్రధానమంత్రి సొత్తు కాదు. ఆయన ప్రజల ధనమును, ప్రజల ప్రాణములను నమ్మకముపై చేపట్టిన మునీము వంటివాడు. మునీము చిరకాలము నమ్మకముగా పనిచేసినాడన్న కారణముచేత లెక్క అడుగుట ఎవరును మానరు. లెక్క అడుగు హక్కు ప్రజలది. ఆ లెక్క ప్రజలకు కనబడునట్లు చేయు బాధ్యత పత్రికలది.

ఇచ్చట అహింసను వ్రతముగా పాటించువారికి ఒక ధర్మసందేహము కలుగును. జీవితమంతయు ప్రజాసేవలో గడిపిన వృద్ధ నాయకుని "నీవిక చాలవు, దిగిపొమ్ము" అని పదిమంది చదువు పత్రికలో వ్రాయుట వాక్కుతో చేయు హింస కాదా? మర్యాదగా ఊరకుండుట మేలు కాదా? ఇట్టి సందేహమునకు సిద్ధాంతముకంటె దృష్టాంతమే మంచి సమాధానమిచ్చును. ఇంగ్లండు దేశమున 1953 మొదలు 1955 వరకు జరిగిన చరిత్ర ఇందుకు తగిన దృష్టాంతము.

విన్‌స్టన్ చర్చిల్ పేరు భారతీయులకు తియ్యని పేరు కాదు. మన స్వాతంత్ర్యమును కడవరకు ఎదిరించినవాడు. 1943 నాటి బెంగాలు కరువు ఆయన ప్రభుత్వకాలముననే సంభవించినది. కనుక ఆయన విషయమున మనకు పక్షపాతము కలుగునన్న భయము లేదు. ద్వేషము కలుగునన్న భయమే కలదు. నచ్చనివాని విషయమునను ముల్లు నిలకడగా చూపినప్పుడే త్రాసు సరియైనదని చెప్పవలెను.

1874లో జన్మించిన చర్చిల్ 1900లో మొదటిసారి పార్లమెంటుకు ఎన్నికయ్యెను. 1940 నుండి 1945 వరకు యుద్ధకాలమున ప్రధానమంత్రిగా నుండి, ఎన్నికలలో ఓడి, మరల 1951 అక్టోబరులో ఆ పదవికి వచ్చెను. అప్పటికి ఆయనకు డెబ్బదియేడవ యేడు నడుచుచుండెను. 1953 జూన్ 23వ తేదీ రాత్రి ఇటలీ ప్రధాని గౌరవార్థము లండనులోని ప్రధాని నివాసమున విందు జరిగెను. ఆ విందు చివరనే చర్చిల్‌కు పక్షవాతము సోకెను. తరువాత ఆయనను చార్ట్‌వెల్ అను స్వగృహమునకు చేర్చిరి. ఆయన తరువాత ప్రధాని కావలసిన విదేశాంగమంత్రి ఆంథొనీ ఈడెన్ అదే సమయమున అమెరికాలోని బోస్టన్ నగరమున శస్త్రచికిత్స పొందుచుండెను.

అప్పుడు పత్రికల వారేమి చేసిరి? కార్యదర్శి జాన్ కోల్విల్ ముగ్గురు పత్రికాధిపతులకు రహస్యముగా కబురు పంపెను. డైలీ ఎక్స్‌ప్రెస్ అధిపతి బీవర్‌బ్రూక్ ప్రభువు, డైలీ టెలిగ్రాఫ్ అధిపతి కామ్‌రోజ్ ప్రభువు, ఫైనాన్షియల్ టైమ్స్ పత్రికకు పెద్దయైన బ్రెండన్ బ్రాకెన్. ముగ్గురును చర్చిల్ మిత్రులే. వారు వచ్చి చూచి, ఈ వార్త అచ్చు కాకుండునట్లు ఏర్పాటు చేసిరి. వైద్యులు వ్రాసిన ప్రకటనలో మెదడులోని రక్తప్రసారమును గూర్చి యున్న మాటలు తొలగిపోయెను. ప్రధానికి పూర్తి విశ్రాంతి అవసరమన్న సంగతి మాత్రమే ప్రజలకు తెలిసెను. మంత్రివర్గ సమావేశములకు ఆర్థికమంత్రి బట్లర్ అధ్యక్షత వహించెను. ప్రధానికి వచ్చు కాగితముల సంగతి కోల్విల్‌ను, ప్రధాని అల్లుడైన క్రిస్టఫర్ సోమ్స్‌ను చూచుకొనిరి. వారు దుర్మార్గులు కారు, జాగ్రత్తగానే పనిచేసిరి. కాని వ్యాపారము తెలిసినవారు ఒక ప్రశ్న అడుగుదురు. ముద్ర ఒకరిది, చేయి మరొకరిది అయినప్పుడు ఆ హుండీ చెల్లునా? చెల్లినను, పుచ్చుకొన్నవానికి ఆ సంగతి తెలియనక్కర లేదా?

ఈ మౌనమునకు కారణము దయ, స్నేహము. వానిని తక్కువ చేయనక్కర లేదు. చర్చిల్ కొంతవరకు కోలుకొని, ఆ అక్టోబరులో మార్గేట్ పట్టణమున తన పార్టీ మహాసభలో నిలబడి ఉపన్యసించిన మాటయు నిజమే. అయినను ఆ యేడు ఎట్టిదో గుర్తు తెచ్చుకొనవలెను. మార్చిలో స్టాలిన్ మరణించెను. కొరియా యుద్ధము ఇంకను ముగియలేదు. ప్రపంచము అణ్వాయుధముల నీడలో నుండెను. అట్టి సమయమున అయిదుకోట్ల ప్రజలు తమ ప్రధాని స్థితి యెరుగకుండిరి. ఒకరిపై చూపిన దయ అయిదుకోట్లమందికి అసత్యమైనది. తనకు పక్షవాతము వచ్చినదన్న మాటను 1955 మార్చిలో చర్చిల్ తానే పార్లమెంటులో చెప్పెను. అంతవరకు ఆ సంగతి గుసగుసలలోనే నలిగినది. అహింస యనుకొని చేసిన మౌనము సత్యవ్రతమును చంపినచో దానిని అహింస యనుట ఎట్లు? తరాజులో వస్తువు తక్కువగా తూగుచున్నదని తెలిసియు కొనువానికి చెప్పకుండుట మర్యాద కాజాలదు.

మౌనము ఒక కొన. దాని రెండవ కొనయు చూడదగినది. 1954 ఫిబ్రవరిలో పంచ్ అను హాస్యపత్రిక ఒక చిత్రమును ప్రచురించెను. వ్రాసినవాడు లెస్లీ ఇల్లింగ్‌వర్త్. సంపాదకుడు మాల్కమ్ మగ్గరిడ్జ్. చిత్రములో చర్చిల్ బల్ల ముందు కూర్చుండియుండును. మొగమున జీవము లేదు, చెక్కిళ్లు జారియున్నవి, చేతులు బిగుసుకొని యున్నవి. దానితోపాటు పూర్వకాలపు సేనాపతి కథ యను ముసుగులో సంపాదకుడు వ్రాసిన రచన ఒకటి వెలువడెను. ఒకనాటి వీరుడు శక్తి ఉడిగియు అధికారమును వదలలేదన్నది దాని సారము. చర్చిల్ మిక్కిలి నొచ్చుకొనెను. తన చేతులను వికారముగా వ్రాసిరని ఆయన బాధపడినట్లు వైద్యుడు మోరన్ ప్రభువు తన దినచర్యలో వ్రాసియుంచెను. పాఠకులలోను అనేకులు కోపించిరి.

పంచ్ అడిగిన ప్రశ్న న్యాయమైనది. మిగిలినవారు దాచిన దానిని అది చెప్పినది. ఆ సాహసమును ఒప్పుకొనవలెను. కాని అది చెప్పిన తీరును విడిగా తూచవలెను. ప్రధాని ఏ నిర్ణయమును ఆలస్యము చేసెను, ఏ పనిని మరచెను, వారసునికి ఇచ్చిన మాట ఎన్నిసారులు దాటవేసెను అన్న లెక్కను పాఠకుల ముందుంచుట ఒక పద్ధతి. వేలాడు చెక్కిళ్లను చూపి నవ్వించుట మరొక పద్ధతి. మొదటిది పదవిని ప్రశ్నించును. రెండవది దేహమును గాయపరచును. దేహము ముదియుట నేరము కాదు; ఎవరి దేహమునకైనను తప్పదు. నొచ్చినవాడు సాధారణముగా పిడికిలి విడువడు, ఇంకను బిగించును. ఆ చిత్రము వెలువడిన తరువాత చర్చిల్ పదునాలుగు నెలలు పదవిలో నుండెను.

ఆ యేడే, 1954 నవంబరు 30వ తేదీ, ఆయన ఎనుబదవ జన్మదినమున పార్లమెంటు సభ్యులు గ్రాహమ్ సదర్లాండ్ వ్రాసిన ఆయన చిత్తరువును బహూకరించిరి. అదియు వార్ధక్యమును దాచలేదు. చర్చిల్‌కు అది నచ్చలేదు. తరువాత ఆయన భార్య దానిని నాశనము చేయించినది. చిత్తరువు పోయెను గాని వయస్సు తగ్గలేదు.

పదవీ విరమణకు ఆయన చెప్పిన గడువులు పలుమారులు మారినవి. రాణి విదేశయాత్ర ముగించి రాగానే అనెను, పిమ్మట వేసవి అనెను, పిమ్మట శరత్కాలమనెను. ఏదో యొక మహాకార్యము తనకొరకు మిగిలియున్నదని, రష్యాతో సంధి కుదుర్చుటకు తానే తగినవాడనని ఆయన నమ్మెను. ఆ నమ్మకము కపటము కాకపోవచ్చును. వ్యామోహము దొంగ వేషముతో రాదు. కర్తవ్యమను వేషముతోనే వచ్చును. చివరకు 1955 ఏప్రిల్ 5వ తేదీ ఆయన రాజీనామా ఇచ్చెను. ఆనాడు లండనులోని పెద్ద పత్రికలు సమ్మె వలన వెలువడుటయే లేదు. ఒకమారు అతని కొరకు మౌనము వహించిన పత్రికలు, అతడు దిగిపోయిన నాడు చెప్పవలెననుకొన్నను చెప్పలేకపోయినవి.

చిరకాలము నిరీక్షించిన ఈడెన్ ప్రధానియై, 1956లో సూయెజ్ కాలువ విషయమున యుద్ధమునకు దిగి, 1957 జనవరిలో పదవి వదలవలసి వచ్చెను. ఈడెన్ పొరపాటునకు చర్చిల్ కారణమనుట న్యాయము కాదు. కాని తాళపుచెవులు ఆలస్యముగా అందుకొన్నవాడు తన సమర్థతను వెంటనే నిరూపింపవలెనని ఆత్రపడునన్నది ప్రతి బజారులోను ఎరిగిన సంగతి.

ఇంతమాత్రముచే వృద్ధులందరును పదవులు విడువవలెనని అర్థము కాదు. గ్లాడ్‌స్టన్ ఎనుబదిరెండేండ్ల వయస్సున, 1892లో, నాలుగవసారి ఇంగ్లండుకు ప్రధాని అయ్యెను. యుద్ధమున కూలిన పశ్చిమ జర్మనీని 1949లో చేపట్టినప్పుడు అడెనావర్ వయస్సు డెబ్బదిమూడు. వయస్సు దోషము కాదు. దీర్ఘకాలము సేవించుటయు దోషము కాదు. దోషము వేరొకచోట నున్నది. ధనముండుట పరిగ్రహము కాదని, ధనముపై "నాది" యను మమకారమే పరిగ్రహమని మన పెద్దలు బోధించిరి. ఒకడు కోటి రూపాయల వ్యాపారము చేయుచు నిర్లిప్తుడుగా నుండవచ్చును. మరొకడు చిరిగిన గుడ్డపై మమకారముతో పరిగ్రహి కావచ్చును. పదవియు అట్టిదే. "ఈ పని నేను చేయుచున్నాను" అన్నంతవరకు అది సేవ. "ఈ పని నేను తప్ప ఎవరును చేయలేరు" అన్ననాడు అది పరిగ్రహము. పత్రికలు కనిపెట్టి చెప్పవలసినది ఈ రెండవ మాట పుట్టిన క్షణమును.

ఎట్లు చెప్పవలెనన్నదానికి బాహుబలి కథలో ఒక మార్గము కలదు. కర్ణాటకమున నున్నవారు శ్రవణబెళగొళ కొండపై ఆ మహామూర్తిని పలుమారులు దర్శించియుందురు. అన్న భరతుని జయించియు రాజ్యమును విడిచిన ఆయన త్యాగమును ఎల్లరు నెరుగుదురు. శ్వేతాంబర సంప్రదాయమున ఆ కథకు మరియొక ఘట్టము కలదు. తనకంటె ముందు దీక్ష పుచ్చుకొన్న తమ్ములకు నమస్కరింపవలసి వచ్చునన్న అభిమానము బాహుబలి మనస్సున మిగిలిపోయెను. ఏడాదికాలము కదలక నిలిచినను జ్ఞానము కలుగలేదు. దేహమునకు తీగెలు అల్లుకొన్నవి. కాళ్ల వద్ద పుట్టలు లేచినవి. అప్పుడు సోదరీమణులైన బ్రాహ్మియు సుందరియు వచ్చి, ఏనుగుపై నుండి దిగుమని మాత్రము చెప్పిరి. రాజ్యమే విడిచిన తనకు ఏనుగెక్కడిదని బాహుబలి ఆలోచించెను. తానెక్కిన ఏనుగు తన అభిమానమేనని తెలిసికొనెను. తమ్ములకు మ్రొక్కుటకై అడుగెత్తిన క్షణముననే కేవలజ్ఞానము లభించెను.

ఆ విమర్శలో నాలుగు గుణములున్నవి. సోదరీమణులు ఊరకుండలేదు, పత్రికాధిపతులవలె మిత్రుని లోపమును కప్పిపుచ్చలేదు. వారు అల్లుకొన్న తీగెలను, ఎండిన దేహమును ఎత్తిచూపలేదు. ఏనుగును మాత్రమే చూపిరి. చాటున కాక ఎదుట నిలిచి, ఆయన వినునట్లు చెప్పిరి. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆయన దిగినచో వారికి కలుగు లాభ మేమియు లేదు; వారు రాజ్యము కోరని సాధ్వులు. నేటి పత్రిక ఏదైనను వృద్ధ నాయకుని దిగుమని వ్రాయునప్పుడు పాఠకుడు ఈ నాలుగు ప్రశ్నలను వేసికొనవచ్చును. ఇది నిజమా? ఇది పదవిని గూర్చియా, దేహమును గూర్చియా? పేరుపెట్టి ఎదుట చెప్పినదా, చాటున విసిరినదా? ఆ కుర్చీ ఖాళీ యైనచో లాభపడువాడు ఈ పత్రికకు చుట్టమా? నాలుగింటికి సరియైన సమాధానము దొరకినచో ఆ విమర్శ కటువుగా నున్నను హింస కాదు. వైద్యుని కత్తికి, దొంగ కత్తికి పదును ఒకటే. కోసిన తరువాత కట్టు కట్టువాడెవడో చూచి భేదము తెలిసికొనవలెను.

ఇక విమర్శకు గురియైనవాని ధర్మ మేమి? మన దేశమున ఒక అపూర్వ సంఘటన జరిగినది. 1937 నవంబరులో కలకత్తా నుండి వెలువడు మోడరన్ రివ్యూ పత్రికలో చాణక్యుడను మారుపేరుతో ఒక వ్యాసము వెలువడెను. కాంగ్రెసు అధ్యక్షుడైన జవహర్‌లాల్ నెహ్రూను మూడవమారు వరుసగా ఎన్నుకొనరాదని, ఆయనలో నియంత కాగల లక్షణములున్నవని, ఆయన అహంకారము అదుపు తప్పవచ్చునని ఆ వ్యాసకర్త హెచ్చరించెను. ఆ వ్యాసకర్త నెహ్రూయేనని తరువాత తెలిసెను. ప్రజల జయజయధ్వానముల నడుమ నిలిచినవాడు తన ఏనుగును తానే చూచి, నలుగురికి చూపెను. మన వాడుకలో చెప్పవలెనన్న అది పత్రికాముఖమున చేసిన ప్రతిక్రమణము. మరుసటి యేడు హరిపుర కాంగ్రెసునకు సుభాష్ చంద్రబోసు అధ్యక్షుడయ్యెను.

కాని తెలియుట వేరు, విడుచుట వేరు. అదే నెహ్రూ 1947 నుండి ప్రధానమంత్రిగా నుండెను. 1958లో పదవి నుండి తప్పుకొనవలెనన్న కోరికను వెల్లడించెను, పార్టీవారు వద్దనిరి, ఆయన ఆగిపోయెను. 1964 జనవరిలో ఒడిషాలోని భువనేశ్వర్ కాంగ్రెసు మహాసభలో వ్యాధిగ్రస్తుడై, మే 27వ తేదీన పదవిలో నుండగనే మరణించెను. ఆయన సేవను ఎవరును కాదనలేరు. కాని వద్దన్నవారి తప్పును గూడ ఇచ్చట లెక్క వేయవలెను. పెద్దవాడు దిగుటకు కాలు చాపినప్పుడు, ఆయన లేనిదే గతి లేదని కాళ్లు పట్టుకొనువారు భక్తులవలె కనబడుదురు. వారిలో పెక్కురు తమ నీడ పోవునని భయపడువారే.

దిగినవారును లేకపోలేదు. 1954 నుండి మద్రాసు ముఖ్యమంత్రిగా నుండిన కామరాజు 1963 అక్టోబరు 2వ తేదీన, బలముండగనే, పార్టీ పనికై పదవి విడిచెను. ఆయన సూచించిన పథకము ప్రకారము ఒడిషా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్, కేంద్రమంత్రులు లాల్ బహదూర్ శాస్త్రి, మొరార్జీ దేశాయి మొదలగువారును రాజీనామా ఇచ్చిరి. ఆ పథకమున రాజకీయపు ఎత్తుగడ కలదని విమర్శించినవారును కలరు. ఉండవచ్చును. అయినను కుర్చీ విడిచినంతమాత్రమున మనిషి తగ్గిపోడని ప్రజలు కన్నులార చూచిరి.

ఈ విచారము రాజకీయులకే పరిమితము కాదు. దేవాలయ ధర్మకర్తృత్వము, సంఘాధ్యక్షత, పాఠశాల కార్యదర్శిత్వము, ఇంటి పెద్దరికము అన్నియు చిన్న సింహాసనములే. వానిపై పత్రికలు వ్రాయవు. కనుక ఆ పని ఇంటివారు, సభ్యులు, మిత్రులు చేయవలెను. ఏటేట దీపావళికి పాత ఆవర్జా మూసి క్రొత్తది తెరచు సంప్రదాయము మనకు కలదు. ఎంత లాభము వచ్చిన యేడైనను పాత పుస్తకములో క్రొత్త పద్దు వ్రాయరు. సంవత్సరీనాడు క్షమాపణము కోరు ఆచారమును కలదు. ఆ రెండు దినములలో ఒక దినమున, పదవిలో నున్న ప్రతి పెద్దయు తన తరువాతి వానిని దగ్గర కూర్చుండబెట్టుకొని, "నా లెక్కలో నీకు కనబడిన తప్పు చెప్పుము" అని అడుగగలిగినచో, ఆ మాట విని నొచ్చుకొనక యుండగలిగినచో, ఆ యింటిలో గాని సంఘములో గాని వేరొక విమర్శకునితో పని యుండదు. అడిగినప్పుడు చిన్నవాడు భయముచేతగాని మొగమాటముచేతగాని అబద్ధమాడకుండుట కూడ ధర్మమే. తాళపుచెవులు చేతికిచ్చినవాని పేరు ఆ అంగడిపై చిరకాలము నిలుచును. చేతినుండి లాగుకొనవలసి వచ్చినవాని పేరు బజారులో కథగా మిగులును.